నీడలో ఏదీ పెరగదంటే నేనొప్పుకోను

మా కాలనీలో సాయంత్రం నడకకి వచ్చేవాళ్ళందరికీ నేను మేష్టార్ని. లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. అయినా ఎవరూ లెక్కలడగరు, మొక్కలడుగుతారు. గోదావరి జిల్లా వాడంటే కడియం నర్సరీలన్నీ బుర్రలో పెట్టుకుని పుడతాడని వాళ్ళ నమ్మకం. ఆ అడగడం కూడా ఎలా ఉంటుందంటే, "మేష్టారూ, మా ఇంటికి ఉత్తరం వైపు, గోడకీ ప్రహరీకీ మధ్య నాలుగడుగుల సందుంది. ఎండ రాదు. ఎప్పుడూ తడే. ఏం వేసినా చచ్చిపోతోంది. నీళ్ళు పొయ్యక్కర్లేకుండా, ఆకులు రాలకుండా, పురుగు పట్టకుండా, దోమలు చేరకుండా ఏడాది పొడుగునా పచ్చగా ఉండే మొక్కేదైనా చెప్పండి" అని. అలాంటిది ప్లాస్టిక్‌లో దొరుకుతుంది నాయనా. దాని మీదైనా వారానికోసారి దుమ్ము తుడవాలి.

మా రోజుల్లో ఈ ప్రశ్న అడిగినవాణ్ణి నేను చూళ్ళేదు. ఎండ తగలని తడి చోటు ఇంటికి ఒకటి ఉండాల్సిందే. అది లేకపోతే కంద ఎక్కడ పాతుతారు? చేమ ఎక్కడ వేస్తారు? తమలపాకు తీగ ఎక్కడ పాకిస్తారు? ఎండ పడే చోటంతా వడియాలకీ, మిరపకాయలకీ, ఊరగాయ ముక్కలకీ పోయేది. నీడా తడీ ఉన్న చోటు మొక్కలది. పంపకం అంత తేలిగ్గా తెమిలిపోయేది.

మాది డెల్టా. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యి కాలవలు పారడం మొదలయ్యాక మా ఊళ్ళలో నీరు పైపైనే ఉండేది. ఇంటి వెనక దొడ్డి, దొడ్లో నుయ్యి, నూతి చుట్టూ చప్టా. స్నానాలక్కడే, బట్టలుతకడం అక్కడే, అంట్లు తోమడం అక్కడే. ఆ నీళ్ళన్నీ చప్టా అంచున తూములోంచి జారి మట్టికాలవలో పడేవి. ఆ కాలవ ఎటు తిరగాలో, ఎక్కడ ఆగాలో మా నాయనమ్మ పార పట్టుకుని నిర్ణయించేది. వేసవిలో కాలవలు కట్టేశాక ఊళ్ళో చెరువులే అడుగంటేవి గానీ, ఆవిడ గీసిన ఆ గీత వెంట నేల మాత్రం ఎండేది కాదు. ఇంట్లో పదిమంది స్నానాలు చేసినంత కాలం ఎందుకెండుతుంది?

తూము నోటి దగ్గర మెట్టతామర ఉండేది. సబ్బునీళ్ళూ, అంట్లనీళ్ళూ ముందు దానికే. ఆ మురికంతా తాగి ఎర్రగానూ పచ్చగానూ పూసేది. దాని గింజలు నల్లగా, గుండ్రంగా, రాళ్ళంత గట్టిగా ఉంటాయి. పిల్లలం కాడగొట్టాల్లో పెట్టి ఊది ఒకళ్ళనొకళ్ళం కొట్టుకునేవాళ్ళం. ఇప్పుడు మురుగునీటిని శుద్ధి చెయ్యడానికి ఇంజనీర్లు తవ్వించే తడి మడుల్లో నాటుతున్న మొక్కల్లో ఈ మెట్టతామర ఒకటి. మా నాయనమ్మకి దానికి ఏ డిగ్రీ ఇవ్వలేదు. ఇస్తే పుచ్చుకునే తీరికా ఆవిడకి లేదు.

దాని తర్వాత చేమ. పాదాల దాకా నీళ్ళలో నిలబెట్టినా దానికి చీమ కుట్టినట్టుండదు. కాస్త ఎగువన అరటి పిలకలు. నీడ ఎక్కువైతే గెల చిన్నదవుతుంది. కానీ దొడ్లో అరటి గెల కోసమేనా? విస్తరికి ఆకు, కూరకి పువ్వు, పెరుగుపచ్చడికి దూట. ఇంకా ఎగువన, నీళ్ళు నిలవకుండా తేమ మాత్రమే అందే చోట కంద, పసుపు, అల్లం. పక్కన పందిరి గుంజకి తీగబచ్చలి. బచ్చలి పళ్ళు నలిపి ఊదారంగు సిరా చేసుకుని పలక మీద పెట్టుబడి లేకుండా పద్దులు రాసేవాళ్ళం. చప్టాకీ వంటింటి గోడకీ మధ్య, పొద్దున్న గంటసేపు నీరెండ తగిలే జాగాలో కనకాంబరాలు, డిసెంబరాలు. ఎండిన కనకాంబరం కాయ మీద నీటిబొట్టు వేస్తే టప్పున పేలి గింజలు ఎగిరిపడతాయి. పండక్కి నెల ముందే మాకు టపాకాయలు మొదలు. గట్టు అంచున ఎవరూ నాటకుండా పొన్నగంటీ, సరస్వతాకూ పాకేవి. ఇవేవీ నాయనమ్మ కొన్నవి కావు. పక్కింటి పిన్నిగారు ఒక పిలక ఇచ్చేది, ఈవిడ ఒక దుంప ఇచ్చేది.

ఈ వరసలోనే ఉంది కిటుకంతా. నీళ్ళు నిలిచే చోటు వేరు, తేమ ఉండే చోటు వేరు. ఆ తేడా తెలియకుండా "తడి నేల" అని ఒక్క మాటతో తేల్చేసేవాడు ఏ మొక్కనైనా చంపేస్తాడు. నాలుగు రోజులు నీరు నిలిచిందంటే పసుపూ అల్లం దుంపకుళ్ళుతో పోతాయి. కందా అంతే. చేమకి, మెట్టతామరకి ఆ బాధ లేదు. తమలపాకు తీగైతే మరీ సుకుమారం. దానికి నీడ కావాలి, గాలిలో తడి కావాలి, మొదట్లో మాత్రం నీరు నిలవకూడదు. అందుకే తోటల్లో అవిసె చెట్ల మీదికి పాకించి, మడికీ మడికీ మధ్య నీరు పోయేందుకు కాలవలు తీస్తారు. తుని తమలపాకుకి పేరు ఊరికే రాలేదు.

నూతి ఒరల సందుల్లో ఇంకొకటి పెరిగేది. నల్లటి సన్నని కాడలు, చిట్టి చిట్టి ఆకులు, నీటిబొట్టు నిలవని పచ్చదనం. దానికి మేం పేరైనా పెట్టలేదు. చేదకి అడ్డం వస్తే చేత్తో పీకి అవతల పారేసేవాళ్ళం. మొన్న మా అబ్బాయి అదే మొక్కని చిన్న పింగాణీ కుండీలో మూడొందల యాభై రూపాయలు పెట్టి కొనుక్కొచ్చాడు. ఫెర్న్‌ట. ఏసీ గదిలో టీవీ పక్కన పెట్టాడు. నూతిలోపలి చెమ్మగాలికి అలవాటుపడ్డ జాతి అది. ఏసీ పొడిగాలికి ఆకుల అంచులు మాడి, పక్షం తిరక్కుండా కాడలే మిగిలాయి. "మొక్క మంచిది కాదు నాన్నా" అన్నాడు.

కంద గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఓపిక పట్టండి. నీడపట్టుకి కందని మించిన మొక్క లేదని నా తీర్పు. తొలకరికి ముందు దుంప పాతిపెడితే చాలు. నేలలోంచి మచ్చల మచ్చల కాడ ఒక్కటే లేస్తుంది. పైన ఆకు గొడుగు విప్పినట్టు విచ్చుకుంటుంది. కలుపు తియ్యాలన్న బెంగ లేదు, ఆ నీడ కింద కలుపే తక్కువ. ఆకుని పశువు ముట్టదు, మేక ముట్టదు. వానలు వెనకబట్టి చలి ముదిరేసరికి ఆకు పసుపెక్కి కూలిపోతుంది. అది చూసి కొత్తవాళ్ళు "అయ్యో చచ్చిపోయింది" అని పీకేస్తారు. చావలేదు, పనైపోయింది. తవ్వి దుంప తీసుకోవాలి. తవ్వే తీరిక లేకపోతే ఊరుకున్నా నష్టం లేదు, మళ్ళీ వానలకి అదే లేస్తుంది. దుంప బాగా ముదిరితే ఆకుకి ముందు వేసవిలో ఒక పువ్వు పుడుతుంది. అది మాత్రం కుళ్ళిన మాంసం కంపు కొడుతుంది. ఆ కంపుకి పురుగులు చేరి పరాగం మోస్తాయి. ఆ రెండు మూడు రోజులూ నాయనమ్మ మమ్మల్ని అటు వెళ్ళనిచ్చేది కాదు. మేం వెళ్తామని కూడా ఎవరూ అనుకోలేదు.

మా వైపు పెళ్ళిభోజనంలో ఆవ పెట్టిన కందబచ్చలి లేకపోతే మగపెళ్ళివారు చెయ్యి కడుక్కోరు. ఆ కూరలో రెండూ దొడ్డి నీడలో పుట్టినవే. కందలో దురద ఉంటుందంటారు. ఉంటుంది. కందలోనూ చేమలోనూ సూదిమొనల్లాంటి కాల్షియం ఆక్జలేట్ స్ఫటికాలుంటాయి, అవే గొంతుకి గుచ్చుకుంటాయి. అందుకే చింతపండు వేసి బాగా ఉడికిస్తారు. కందకు లేని దురద కత్తిపీటకెందుకన్నారు పెద్దలు. ఈనాటి వాళ్ళకి కత్తిపీటే లేదు, దురద మాత్రం అందరికీ ఉంది. దురద తక్కువ రకం కావాలంటే గజేంద్ర ఉంది. మా గోదావరి గట్టున కొవ్వూరు పరిశోధన స్థానం నుంచి వచ్చిన రకమే, బయటి రాష్ట్రాల్లో కూడా పండిస్తున్నారు.

శ్రావణమాసం చివర పోలాల అమావాస్య వస్తుంది. పిల్లలు చల్లగా ఉండాలని తల్లులు పూజ చేసేది విగ్రహానికి కాదు, కంద మొక్కకి. పిలకలతో ఉన్న కందని తెచ్చి, పసుపు కొమ్ము కట్టిన తోరం చుట్టి పోలేరమ్మగా కొలుస్తారు. దొడ్లో కంద ఉన్న ఇల్లు ఆ రోజు ఊరందరికీ చుట్టమే. ఇప్పుడు హైదరాబాదులో ఆ అమావాస్య ముందు రోజు రోడ్డు పక్కన కంద మొక్కలు అమ్ముతారు. మా కోడలూ కొంటుంది. పూజైన మర్నాడు ఆ మొక్కలన్నీ చెత్తబండి ఎక్కుతాయి. నేను కాలనీలో రెండిళ్ళ ముందు ఆపి మరీ అడిగాను, "అమ్మా, అందులో దుంప ఉంది, వెనక సందులో పాతరాదూ?" అని. "అక్కడేం పెరగదు బాబాయిగారూ, నీడ" అన్నారు. నీడలోంచి వచ్చిన మొక్కని చేతిలో పట్టుకుని!

ఇప్పటి ఇళ్ళ సంగతికి వద్దాం. మా అబ్బాయి ఇల్లున్న చోట రెండడుగులు తవ్వితే గండశిల. వాననీరు కిందికి దిగే దారి లేక గోడవార నిలుస్తుంది. ఆ తడి పోవాలని జనం చేసే మొదటి పని సిమెంటు వెయ్యడం, రెండోది దాని మీద టైల్స్ పరవడం. తడి ఎక్కడికి పోతుంది? పైకి ఆవిరయ్యే దారి మూసేశారు కాబట్టి గోడలోకి ఎక్కుతుంది. లోపలి గదిలో మోకాలెత్తున రంగు పొరలు పొరలుగా ఊడుతుంది. అప్పుడు వాటర్‌ప్రూఫింగ్ వాడొస్తాడు. వాడి బిల్లుతో మా నాయనమ్మ పదేళ్ళు కొబ్బరితోట చూసుకునేది. అదే చోట మట్టి వదిలి, గోడకి అడుగున్నర ఎడంగా నీరు బయటికి వాలేలా చేసి, తాగుబోతు మొక్కలు నాలుగు పెడితే సగం తడి ఆకుల్లోంచే పోయేది.

కాస్త డబ్బున్నవాళ్ళు ల్యాండ్‌స్కేప్ వాణ్ణి పిలుస్తారు. మా ఎదురింటివాళ్ళు పిలిచారు. అతను ముందు ఆ సందంతా పచ్చిక పరిచాడు. పచ్చికకి రోజంతా ఎండ కావాలి. మూడో నెలకి పసుపెక్కింది, వానాకాలానికి నాచు పట్టింది, ఆ ఇంటి పెద్దాయన జారి పడ్డాడు. తర్వాత ప్లాస్టిక్ పచ్చిక వేశారు. అది తడిసి కంపు కొడుతోంది. తర్వాత "లో మెయింటెనెన్స్" అని స్నేక్‌ప్లాంట్లు, జీజీప్లాంట్లు వరసగా పెట్టారు.

ఇక్కడే నాకు ఒళ్ళు మండుతుంది. నర్సరీ చీటీ మీద ఆ మాట ఎవరి కోసం రాశారు? నీళ్ళు పొయ్యడం మరిచిపోయే ఫ్లాటువాళ్ళ కోసం. స్నేక్‌ప్లాంట్ పశ్చిమాఫ్రికాది, జీజీ తూర్పు ఆఫ్రికాది. రెండూ వానల్లేని నెలలు తట్టుకోవడానికి ఒకటి ఆకుల్లో, ఒకటి దుంపలో నీళ్ళు దాచుకుంటాయి. కుండీలో నెలకోసారి నీళ్ళు పోసినా బతుకుతాయి. వాటిని తీసుకెళ్ళి ఎప్పుడూ చిత్తడిగా ఉండే సందులో పెడితే మొదలు మెత్తబడి కుళ్ళకేం చేస్తాయి? మొక్క మొండిది కావచ్చు. ఆ మొండితనం దేనికి తట్టుకోవడానికో చూడాలి కదా. మా ఎదురింట్లో దీపావళి నాటికి పదహారు కుండీల్లో రెండు మిగిలాయి. వాన తగలకుండా చూరు కింద పెట్టినవి ఆ రెండు.

ఇంకొకటి, వెడీలియా. నేల కప్పేస్తుందనీ, పసుపుపచ్చ పూలు పూస్తుందనీ, ఏ శ్రమా లేదనీ ఊరంతా నాటేస్తున్నారు. శ్రమ లేని మాట నిజమే, ఆపడానికే శ్రమంతా. కణుపు కణుపుకీ వేరు దించుకుంటూ పక్కవాళ్ళ స్థలంలోకి, అక్కణ్ణించి కాలవ గట్టు మీదికి పోతుంది. ప్రపంచంలో అతి చెడ్డ చొరబాటు జీవులు వందని ఏరి అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య ఒక జాబితా వేస్తే అందులో చోటు సంపాదించిన మహాతల్లి అది. డబ్బిచ్చి కొనుక్కుంటున్నాం.

"మీ రోజుల్లో అంతా బంగారమా తాతయ్యా?" అంటుంది మా మనవరాలు. కాదమ్మా. ఆ మట్టికాలవ మురికిలో దోమలు పుట్టేవి, ఆ దోమలతోనే మా జిల్లాల్లో బోదకాలు వచ్చేది. ఊళ్ళో వీధికొకళ్ళు ఆ కాలు ఈడ్చుకుంటూ నడిచేవారు. అరటి బోదెల మాటున తేలూ, జెర్రీ, అప్పుడప్పుడూ పామూ ఉండేవి. చీకటి పడ్డాక లాంతరు లేకుండా దొడ్లోకి వెళ్ళడం నిషేధం. అవన్నీ మళ్ళీ రావాలని నేననను. కానీ ఇప్పటి డెంగీ దోమ మట్టికాలవలో పుట్టదు. కుండీ కింద పళ్ళెంలో, తాగి పడేసిన కొబ్బరిబోండంలో, వాడని డ్రమ్ములో నిలిచిన తేటనీళ్ళలో పుడుతుంది. గుడ్డు దోమయ్యేది వారం పది రోజుల్లో. నేలలో నాటిన చేమ కింద నీరు మట్టిలోకి ఇంకిపోతుంది. ఆ పదహారు కుండీల కింద పదహారు పళ్ళేలున్నాయి, వాటినెవరూ వంచరు. దోమల నేరం మాత్రం మొక్కల మీదికి తోసేస్తారు.

ఆ మధ్య ఒకాయన నాకు పాఠం చెప్పాడు, ఇంట్లో పెట్టే ఈ కుండీలు గాలిని శుభ్రం చేస్తాయని నాసా చెప్పిందట. 1989లో నాసా చేసిన ప్రయోగం బిగించిన చిన్న గదుల్లాంటి పెట్టెల్లో. మామూలు ఇంట్లో కిటికీ తెరిస్తే వచ్చే లాభం మొక్కలతో రావాలంటే చదరపు మీటరుకి పది నుంచి వెయ్యి మొక్కలు కావాలని 2019లో ఆ లెక్కలన్నీ మళ్ళీ చూసినవాళ్ళు తేల్చారు. లెక్కల మేష్టారి దగ్గరా ఇవి! కిటికీ తెరుచుకోవయ్యా బాబూ.

అలాగని కొత్త మొక్కలన్నీ దండగని నేననను. మన మిరపకాయే అమెరికా నుంచి వచ్చింది, ఇక దొడ్లో స్వదేశీ పరదేశీ ఏమిటి? పీస్‌లిల్లీ అమెరికా అడవుల చెట్ల కింద పెరిగిన జాతి. నీడా తేమా రెండూ దానికి పుట్టింటి వాతావరణమే, తెల్లగా పూస్తుంది కూడా. సింగోనియం పరవాలేదు, నేల మీద పాకుతుంది, గోడ దొరికితే ఎక్కుతుంది. రంగురంగుల ఆకుల క్యాలాడియం వానాకాలమంతా కళకళలాడి, చలికాలం కందలాగే పడుకుంటుంది. మనీప్లాంట్ పసిఫిక్ మహాసముద్రం మధ్యలో ఒక చిన్న దీవిది. దాన్ని సీసాలో బంధించినంత కాలం బుద్ధిగా ఉంటుంది. నేలలో వేసి చెట్టెక్కనిస్తే మాత్రం ఆకు చేటంత అవుతుంది, చెట్టు కనపడదు. కత్తెర చేతిలో ఉంటేనే వెయ్యండి.

తమాషా ఏమిటంటే, ఈ పీస్‌లిల్లీ, సింగోనియం, క్యాలాడియం, మనీప్లాంట్, ఆంథూరియం, అగ్లోనిమా, మాన్‌స్టెరా, ఆఖరికి ఆ జీజీతో సహా అన్నీ మన చేమకీ కందకీ చుట్టాలే. ఒకే కుటుంబం. నర్సరీలో నీడమొక్కల వరసలో నిలబడి చూస్తే ఆ కుటుంబం పెళ్ళికెళ్ళినట్టుంటుంది. ఆ సంగతి తెలియక, తినడానికి పనికొచ్చే చుట్టాన్ని దొడ్లోంచి పీకేసి, పనికిరాని చుట్టాలకి ఐదొందలు, ఆరొందలు పోస్తున్నారు. పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదన్నది ఇందుకే. "చేమ పెడదామమ్మా" అంటే, "ముందు వైపు బాగోదు మావయ్యగారూ, పల్లెటూరి దొడ్డిలా ఉంటుంది" అంది మా కోడలు. నెల తిరగ్గానే ఆన్‌లైన్లో నల్లటి ఆకుల మొక్కొకటి తెప్పించింది. పెట్టె విప్పి చూస్తే చేమే! ఆకు నలుపు, అంతే తేడా. కాకపోతే ఇది పులుసుకి రాదు. నేనేమీ అనలేదు. పెట్టె మాత్రం దాచుకున్నాను.

ఆ చుట్టాల్లో ఒకదానితో జాగ్రత్త. ఆకుల మీద తెల్లటి మచ్చలుండే డిఫెన్‌బాకియా. అపార్టుమెంటు మెట్ల దగ్గర, హోటళ్ళ వాకిళ్ళలో కనపడుతుంది. కందలో ఉన్న దురద సూదులే ఇందులోనూ ఉన్నాయి, ఇంకా ఘాటుగా. పాకే పిల్లో, కుక్కపిల్లో కొరికిందంటే నోరూ నాలుకా వాచిపోతాయి. దీన్ని ఉడికించి తినేవాళ్ళూ లేరు, చింతపండు విరుగుడూ లేదు. చిన్నపిల్లలున్న ఇంట్లో వద్దు.

ఇక ఎండ. "ఉత్తరం వైపు ఎండే రాదు" అని జనం తీర్మానం చేసేది డిసెంబరులో. అప్పుడు రాదు, నిజమే. హైదరాబాదైనా రాజమండ్రైనా సుమారు 17 డిగ్రీల అక్షాంశం మీదున్నాయి. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు మన నెత్తికి కాస్త ఉత్తరంగానే పోతాడు. పొద్దున్నా సాయంత్రమూ అయితే అంతకు ముందు నుంచే ఉత్తరపు గోడని ఏటవాలుగా తాకుతుంటాడు. డిసెంబరులో నీడ చూసుకుని సున్నితమైన ఆకుమొక్కలు పెట్టినవాళ్ళకి మే నెలలో అవి ఎందుకు మాడాయో అర్థం కాదు. కందా పసుపూ ఈ లెక్కకి అతికినట్టు సరిపోతాయి. వెలుతురున్న నెలల్లో ఆకు, గోడ నీడ ముదిరే నెలల్లో నిద్ర. కాబట్టి ఏదైనా కొనేముందు ఒకసారి మే నెలలో, ఒకసారి డిసెంబరులో ఆ సందులో నిలబడి చూడండి. అంత ఓపిక లేకపోతే పక్కింటి ముసలాయన్ని అడగండి, ఆయన చూసే ఉంటాడు.

నేలని కూడా అడగాలి. అడుగు లోతు గొయ్యి తీసి నిండా నీళ్ళు పొయ్యండి. మర్నాటికి ఇంకిపోతే కంద, పసుపు, అల్లం, బచ్చలి, కనకాంబరం, ఏదైనా సరే. ఇంకా నీళ్ళు కనపడుతుంటే చేమా మెట్టతామరా తప్ప వేరే ఆశలు పెట్టుకోకండి. లేదా మట్టి పోసి జానెడెత్తు గట్టు కట్టి దాని మీద నాటండి. మల్లె, గులాబి, బంతి, వంగ, టమాట, తులసి, కరివేపాకు ఆ నీడలో వద్దు. మల్లె పెరుగుతుంది గానీ పువ్వు చూపించదు. తులసి కుళ్ళితే ఇంట్లో గొడవలు కూడా.

నీళ్ళ విషయంలో కాలం మారిందని ఒప్పుకోవాలి. మా ఇంట్లో అంట్లు తోమేది కచికతో, చింతపండు పిప్పితో, కొబ్బరి పీచుతో. తలంటుకి కుంకుడుకాయ. బూడిదలో పొటాష్ ఉంటుంది, దుంపమొక్కలకి కావలసింది అదే, కాబట్టి ఆ నీళ్ళు అలా పారించినా దుంపలు ఊరేవి. ఇప్పుడు వంటింటి నీళ్ళలో డిటర్జెంటు. దాన్ని తినే మొక్కల మీదికి వదలకండి, మెట్టతామర దాకా చాలు. ఆర్వో మిషన్ వదిలే నీళ్ళలో ఉప్పు ఎక్కువ, రోజూ పోస్తే మట్టి తెల్లబారుతుంది. ఏసీ నుంచి కారే నీళ్ళు మాత్రం ఏ ఉప్పూ లేని తేటనీళ్ళు. వేసవంతా ఆ గొట్టం కింద బకెట్టు పెట్టి, నిండినప్పుడు పారబోస్తుంటారు జనం. గొట్టం నాలుగడుగులు పొడిగిస్తే మొక్కలకి ఎండాకాలం గడిచిపోతుంది.

చాకిరీ అస్సలు లేదని నేను చెప్పను. వానాకాలంలో నత్తలు వస్తాయి. ఇప్పుడు పెద్ద ఆఫ్రికా నత్తలు కూడా దిగాయి, రాత్రికి రాత్రి ఆకులు ఖాళీ చేస్తాయి. సాయంత్రం తడి గోనెసంచి పరిచి పొద్దున్నే దాని కింద చేరినవాటిని ఏరెయ్యాలి. చేతికి తొడుగు వేసుకోండి. చేమ పిలకలు ఎక్కువైతే తీసి పంచాలి. రాలిన ఆకుల్ని ప్లాస్టిక్ సంచుల్లో కట్టి బయట పెట్టకుండా ఆ మొక్కల మొదట్లోనే వేస్తే ఎరువు కొనే పనుండదు. ఏడాదికి ఇంతే. వారం వారం పచ్చిక కోసే మిషన్ తిప్పేవాళ్ళు దీన్ని చాకిరీ అంటే నాకు నవ్వొస్తుంది.

ఇంటి పక్క సందుకి టైల్స్ వేయిద్దామని మీ ఇంట్లో ఎవరైనా అంటే ఒక్క వానాకాలం ఆగమనండి. రోహిణీకార్తెలో కూరల బజారుకెళ్ళి ఒక కంద చెక్క కొనండి, నర్సరీ దాకా వెళ్ళక్కర్లేదు. కోసి అమ్ముతుంటే నడిమొగ్గ ఉన్న ముక్క అడిగి తీసుకోండి. మొగ్గ లేని ముక్క కూరకే పనికొస్తుంది.